జీఎం బతికింది, జేన్స్‌విల్ ఏమైంది?

2008 డిసెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ఒక ప్రకటన చేశాడు. మునిగిపోతున్న జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలకు సర్కారు ఖజానా నుంచి 1,740 కోట్ల డాలర్ల అప్పు ఇస్తున్నామన్నాడు. అందులో జీఎం వాటా 1,340 కోట్లు, క్రైస్లర్ వాటా 400 కోట్లు. సరిగ్గా నాలుగు రోజులకు, డిసెంబర్ 23న, విస్కాన్సిన్ రాష్ట్రంలోని జేన్స్‌విల్ అనే పట్టణంలో జీఎం కర్మాగారం చివరి ఎస్‌యూవీని బయటికి తోలి గేట్లు మూసుకుంది. 1919లో ట్రాక్టర్లతో మొదలైన కర్మాగారం అది. తాతలు, తండ్రులు, మనుమలు ఒకే గేటులోంచి పనికి పోయిన చోటు. అదే రోజు ఒహాయో రాష్ట్రంలో డేటన్ పక్కనున్న మొరైన్ కర్మాగారానికి కూడా తాళం పడింది. రెండు రోజుల్లో క్రిస్మస్ పండుగ.

ఒకే కంపెనీ. ఒకే వారం. ఒక చేత్తో జనం సొమ్ము అందుకున్నది, ఇంకో చేత్తో జనాన్ని బయటికి నెట్టింది. ఆ రెండు కర్మాగారాలను మూసే నిర్ణయం అదే ఏడాది జూన్‌లోనే జరిగిపోయిందని కంపెనీ వాళ్లు అంటారు. నిజమే. కానీ అప్పు ఇచ్చేటప్పుడు ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడిగినవాడు ఒక్కడన్నా ఉన్నాడా అనేదే మా ప్రశ్న.

బెయిలవుట్ మంచిదా, చెడ్డదా అని అప్పుడు ప్రపంచమంతా వాదులాడుకున్నది. ఆ వాదన ఇప్పటికీ మన కాలేజీ హాస్టళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో వినబడుతూనే ఉంటుంది. మా దృష్టిలో అది పక్కదారి. కంపెనీని బతికించాలా వద్దా అన్నది సగం ప్రశ్న మాత్రమే. జనం సొమ్ముతో బతికించేటప్పుడు కాగితం మీద ఏ షరతులు రాశారు, ఎవరి మీద రాశారు, ఎవరిని వదిలేశారు? అసలు కథంతా అక్కడే ఉంది.

ముందు ఆ గుంతలోకి ఎట్లా పడ్డారో చూద్దాం. 2007లో అమెరికాలో కోటి 60 లక్షల బండ్లు అమ్ముడుపోయాయి. 2009 వచ్చేసరికి అది కోటి 4 లక్షలకు పడిపోయింది. 2008 ఎండాకాలంలో గ్యాలన్ పెట్రోలు నాలుగు డాలర్లు దాటింది. పెద్ద పెద్ద ఎస్‌యూవీల మీదే లాభాలు దండుకోవడానికి అలవాటు పడ్డ డెట్రాయిట్ కంపెనీలు బిక్కచచ్చిపోయాయి. సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కూలింది. బ్యాంకులు అప్పులియ్యడం బందు పెట్టాయి. అమెరికాలో కారు కొనేవాళ్లలో ఎక్కువమంది అప్పు మీదనే కొంటారు. అప్పు పుట్టకపోతే కారు కదలదు. జీఎంకు 2007లో 3,870 కోట్ల డాలర్లు, 2008లో 3,090 కోట్ల డాలర్లు నష్టం వచ్చింది.

ఇక్కడొక ముచ్చట చెప్పుకోవాలి. క్రైస్లర్‌లో 80 శాతం వాటాను 2007లో కొన్నది సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థ. జీఎంకు కార్ల అప్పులిచ్చే అనుబంధ సంస్థ జీమ్యాక్‌లో 51 శాతం కొన్నదీ వాళ్లే. ఆ జీమ్యాక్ కార్లతో ఆగక ఇండ్ల అప్పుల వ్యాపారంలో దిగి చేతులు కాల్చుకున్నది. చివరికి దానికీ సర్కారే వందల కోట్ల డాలర్లు పోసింది. కార్ల సంక్షోభం అని పేరు పెట్టారు గానీ, అందులో వాల్‌స్ట్రీట్ వేలు ఎంత లోతుగా ఉందో దీన్ని బట్టే తెలుస్తుంది. బోల్టులు బిగించే కార్మికుడు ఇండ్ల అప్పులు అమ్మలేదు గదా!

2008 నవంబర్‌లో మూడు పెద్ద కంపెనీల అధిపతులు వాషింగ్టన్ వచ్చారు. జీఎం నుంచి రిక్ వాగనర్, ఫోర్డ్ నుంచి అలన్ ములల్లీ, క్రైస్లర్ నుంచి రాబర్ట్ నార్డెల్లీ. 2,500 కోట్ల డాలర్లు అడగడానికి వచ్చినవాళ్లు ముగ్గురూ మూడు సొంత విమానాల్లో దిగారు. అడుక్కోవడానికి అంబారీ ఎక్కి వచ్చినట్టు! పార్లమెంటు సభ్యులు దుమ్మెత్తి పోశారు. డిసెంబర్‌లో రెండోసారి వచ్చినప్పుడు బుద్ధిగా కార్లలో వచ్చారు. టీవీల నిండా ఆ విమానాల గురించే చర్చ. దాని చాటున జరిగిన అసలు పని చాలామందికి కనబడలేదు.

డిసెంబర్ 10న దిగువ సభ 1,400 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పుకున్నది. మరునాడు రాత్రి సెనేట్‌లో అది ఆగిపోయింది. అనుకూలంగా 52, వ్యతిరేకంగా 35. ముందుకు పోవాలంటే 60 ఓట్లు కావాలి. ఎక్కడ తెగింది బేరం? కార్మికుల జీతం దగ్గర! అమెరికాలోని జపాన్ కంపెనీల కర్మాగారాల్లో ఎంత ఇస్తున్నారో అంతకు డెట్రాయిట్ కార్మికుల జీతాలు 2009లోనే దించాలని టెనెసీ సెనేటర్ బాబ్ కార్కర్ పట్టుబట్టాడు. పాత ఒప్పందం గడువు ముగిసే 2011 దాకా ఆగమని యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘం అడిగింది. కుదరలేదు.

టెనెసీలో నిస్సాన్ కర్మాగారం ఉంది. ఫోక్స్‌వ్యాగన్ కూడా అక్కడికే వస్తానని అదే ఏడాది జూలైలో ప్రకటించింది. ఇంకో గట్టి వ్యతిరేకి రిచర్డ్ షెల్బీది అలబామా. 1993లో మెర్సిడెస్ కంపెనీని రప్పించుకోవడానికి 25 కోట్ల డాలర్లకు పైగా రాయితీలు కుమ్మరించిన రాష్ట్రం అది. పరాయి కంపెనీలకు సర్కారు సొమ్ము పెడితే అభివృద్ధి, తమ దేశపు కార్మికుల కొలువులు కాపాడితే దుబారా! ఈ లెక్క మనకు కొత్తదేం కాదు.

అప్పుడే ఒక అంకె గాలిలో తిరిగింది. డెట్రాయిట్ కార్మికునికి గంటకు 70 డాలర్లు ముడుతున్నదట. పత్రికలు రాశాయి, నాయకులు సభల్లో చదివారు. విన్నవాడికి ఒళ్లు మండదా? మనం కొంచెం నింపాదిగా చూద్దాం. పాత కార్మికుని చేతికొచ్చే జీతం గంటకు 28 డాలర్ల చుట్టుపక్కల. వైద్యం, సెలవులు, బీమా కలిపితే ఇంకొంత. అయినా 70 ఎట్లా అయ్యింది? ఎప్పుడో రిటైరైన లక్షలమందికి కంపెనీ ఇయ్యాల్సిన పెన్షను, వైద్య ఖర్చు తెచ్చి, ఇప్పుడు లైను మీద నిలబడి పనిచేస్తున్నవాళ్ల గంటల మీద పంచారు. పనిచేసేవాళ్లు తగ్గినకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అంటే కొలువులు కోసినకొద్దీ మిగిలిన కార్మికుడు 'ఖరీదైనవాడు' అవుతాడు! ఉద్యోగుల జీతాలు, పెన్షన్లే ఖజానాకు భారమని మన దగ్గర చెప్పే అంకెలను కూడా ఇట్లనే విప్పి చూసుకోవాలని మా మనవి.

పైగా కొత్తగా చేరేవాళ్లకు గంటకు 14 డాలర్లే చాలునని 2007 ఒప్పందంలోనే సంఘం ఒప్పుకున్నది. ఒకే లైను, ఒకే పని, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి సగం జీతం. దీనికి రెండంచెల జీతం అని పేరు.

ఇక అప్పు కాగితానికి వద్దాం. బుష్ సర్కారు రాసుకున్న షరతుల్లో ఒకటి, సమ్మె జరిగితే అప్పు షరతు ఉల్లంఘించినట్టే. 2009లో సంఘం ఇంకా దిగివచ్చింది. ధరలతో పాటు పెరిగే భత్యం వదులుకున్నది. 2015 దాకా జీతాల కోసం సమ్మె చేయమని రాసిచ్చింది. రిటైరైనవాళ్ల కండ్ల వైద్యం, పండ్ల వైద్యం పోయింది. వాళ్ల వైద్య నిధికి కంపెనీ కట్టాల్సిన నగదులో పెద్ద భాగానికి షేర్లు చేతిలో పెట్టారు. గుర్తుంచుకోండి, 1936 డిసెంబర్ 30 నుంచి 44 రోజులు ఫ్లింట్ కర్మాగారాల్లో బైఠాయించి, చలిలో తండ్లాడి ఇదే జీఎం మెడలు వంచిన సంఘం ఇది. దాని చేతనే సమ్మె హక్కును కొన్నేండ్లకు కుదువ పెట్టించారు.

అదే కాలంలో బీమా కంపెనీ ఏఐజీకి అమెరికా సర్కారు మొత్తం 18,200 కోట్ల డాలర్ల దాకా అండగా నిలబడింది. ఏ విభాగమైతే దాన్ని ముంచిందో అదే విభాగంలోని వాళ్లకు 2009 మార్చిలో 16.5 కోట్ల డాలర్ల బోనసులు పంచారు. జనం గగ్గోలు పెడితే, కాంట్రాక్టు రాసుకున్నాం, కాదనలేమన్నారు. కార్మికుల కాంట్రాక్టును తిరగరాయొచ్చు గానీ దొరల కాంట్రాక్టు మాత్రం శిలాశాసనం!

ఒబామా వచ్చాక షరతులు బిగిశాయి. 2009 మార్చి నెలాఖరున వాగనర్‌ను ఇంటికి పంపారు. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జీఎం దివాలా కోర్టుకెక్కాయి. జూలై 10న కొత్త జీఎం బయటికొచ్చింది. అందులో అమెరికా సర్కారు వాటా 60.8 శాతం, కెనడా 11.7, కార్మికుల వైద్య నిధి 17.5, పాత అప్పులోళ్లు 10 శాతం. అంటే జీఎంకు అసలు యజమాని అమెరికా ప్రజలే. అయినా కంపెనీని నడిపే ఆసక్తి తనకు లేదని ఒబామా తెగేసి చెప్పాడు. యజమాని నోరు కట్టేసుకుని కూర్చుంటే ఏమవుతుందో అదే నెలల్లో చూశాం.

చిన్న కారు తయారీ ఎక్కడ పెట్టాలని జీఎం మూడు కర్మాగారాల మధ్య పోటీ పెట్టింది. విస్కాన్సిన్‌లో జేన్స్‌విల్, టెనెసీలో స్ప్రింగ్‌హిల్, మిచిగాన్‌లో ఓరియన్. మూడు రాష్ట్రాలూ రాయితీల మూటలు పట్టుకుని వరుసలో నిలబడ్డాయి. సర్కారు సొమ్ముతో బతికిన కంపెనీ, సర్కారే పెద్ద వాటాదారుగా ఉండగా, రాష్ట్రాల సర్కారు సొమ్మును వేలం పాడించింది! 2009 జూన్‌లో ఓరియన్ గెలిచింది. ఏం గెలిచింది? అక్కడ 40 శాతం మంది రెండో అంచె జీతానికే పనిచేయాలని 2010లో తేల్చారు. జేన్స్‌విల్‌కు అది కూడా దక్కలేదు. 2008 ఫిబ్రవరిలో ఇదే జేన్స్‌విల్ కర్మాగారానికి వచ్చి, సర్కారు తోడుంటే ఇది ఇంకో వందేండ్లు నడుస్తుందని ఒబామా చెప్పిపోయాడు. ఆ ఊరివాళ్లు ఆశతో ఎదురుచూశారు. 2015 ఒప్పందంలో దాన్ని శాశ్వతంగా మూసినట్టు రాసేశారు.

మొరైన్ కథ వేరే రకం. అక్కడి ఖాళీ కర్మాగారాన్ని 2014లో చైనా కంపెనీ ఫుయావో కొని కార్ల అద్దాల తయారీ పెట్టింది. 'అమెరికన్ ఫ్యాక్టరీ' అనే డాక్యుమెంటరీ 2019లో వచ్చింది, ఆస్కార్ కూడా అందుకుంది. దొరికితే మన విద్యార్థులు తప్పక చూడాలి. జీఎంలో గంటకు 29 డాలర్లకు పైన సంపాదించిన ఒక కార్మికురాలు, ఇప్పుడు 12 డాలర్ల 84 సెంట్లకు పనిచేస్తున్నానని అందులో చెప్తుంది. కొలువు తిరిగొచ్చింది, బతుకు తిరిగి రాలేదు. అక్కడ సంఘం పెట్టుకోవాలా వద్దా అని 2017లో ఓటింగు పెడితే 868 మంది వద్దన్నారు, 444 మంది కావాలన్నారు. ఒకసారి కొలువు పోయి గోసపడ్డ మనిషి రెండోసారి ఎంత భయపడతాడో ఆ ఓట్లు చెప్తాయి.

మరి బెయిలవుట్ ఇయ్యకపోతే? మిచిగాన్‌లో పుట్టి, కార్ల కంపెనీని నడిపిన తండ్రికి కొడుకైన మిట్ రోమ్నీ, డెట్రాయిట్‌ను దివాలా తియ్యనియ్యండని 2008 నవంబర్‌లోనే పత్రికలో రాశాడు. మేము ఆ వైపు లేము. ప్రైవేటు బ్యాంకులు ఒక్క డాలరు కూడా అప్పియ్యని రోజులవి. ఆ రెండు కంపెనీలు ముక్కలైపోతే విడిభాగాలు చేసే వందల ఫ్యాక్టరీలు, వాటితో పాటు అప్పు తీసుకోని ఫోర్డ్ కూడా కుదేలయ్యేది. లక్షల కొలువులు పోయేవి. కాపాడటం సరైన పనే. కానీ 2013 డిసెంబర్ 9న సర్కారు తన చివరి జీఎం షేర్లు అమ్ముకునేనాటికి, పెట్టిన 4,950 కోట్ల డాలర్లలో వెయ్యి కోట్లకు పైగా నష్టపోయింది. అంత సొమ్ము వదులుకున్న యజమాని, ఫలానా ఊరు, ఇన్ని కొలువులు, ఇన్నేండ్లు అని ఒక్క వాక్యం రాయించుకోలేకపోయాడా?

అదే 2013లో జూలై 18న డెట్రాయిట్ నగరం దివాలా తీసింది. కార్ల కంపెనీలకు పేరిచ్చిన ఆ నగరానికి వాషింగ్టన్ నుంచి బెయిలవుట్ రాలేదు. నగరపాలక సంస్థలో పనిచేసి రిటైరైనవాళ్ల పెన్షన్‌లో 4.5 శాతం కోత పెట్టారు. ధరలతో పెరిగే భత్యం తీసేశారు.

షరతు రాస్తే చాలదు, ఎంత గట్టిగా రాశారన్నది కూడా చూడాలి. ఫ్రాన్స్ 2009 ఫిబ్రవరిలో రెనో, ప్యూజో కంపెనీలకు చెరి 300 కోట్ల యూరోల అప్పు ఇచ్చింది. అప్పు ఉన్నంతకాలం ఫ్రాన్స్‌లో కర్మాగారాలు మూయొద్దని మాట తీసుకున్నది. అమెరికా కన్నా నయమే. కానీ అప్పు తీరింది, మాటా తీరింది. 2012లో ప్యూజో పారిస్ పక్కనున్న ఓనె కర్మాగారం మూస్తామన్నది, 2013లో ఉత్పత్తి ఆపేసింది.

ఇందులో మనవాళ్ల సంగతీ ఉంది. మిచిగాన్‌లోని ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు వేలల్లో ఉంటాయి. కార్ల కంపెనీల్లో, వాటికి డిజైనూ సాఫ్ట్‌వేరూ చేసే సంస్థల్లో పనిచేసేవాళ్లు. 2009 ఫిబ్రవరిలో జీఎం ప్రపంచవ్యాప్తంగా 10 వేల మంది నెలజీతగాళ్లను తీసేస్తానన్నది. కాంట్రాక్టు మీద ఉన్న మనవాళ్ల గతి చెప్పనక్కర లేదు. కొలువు పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల గడువు ఇచ్చే నిబంధన 2017లో గానీ రాలేదు. అప్పుడు కొలువు పోయిననాడే వీసాకు ఆధారం పోయినట్టు. దానికి తోడు 2009 ఫిబ్రవరి 17న ఇంకో చట్టం తెచ్చారు. బెయిలవుట్ సొమ్ము తీసుకున్న కంపెనీ హెచ్‌1బి మీద కొత్తవాళ్లను తీసుకోవాలంటే ముందు అమెరికన్లకు అవకాశం ఇచ్చామని, వాళ్లను తొలగించలేదని చూపాలి. రెండేండ్లు నడిచిందా చట్టం. తమ దేశస్తుల కొలువు కాపాడుకోవడాన్ని మేము తప్పుపట్టం. కానీ జేన్స్‌విల్ కార్మికుని కొలువు తీసుకున్నది హైదరాబాద్ పిల్లగాడు కాదు. కర్మాగారం మూయొద్దని కంపెనీకి రాయలేని షరతును వీసా మీద ఉన్నవాడికి రాశారు.

మూయడం గురించి వాషింగ్టన్ మనకు చెప్పిన నీతులు గుర్తుకొస్తాయి. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక పునర్నిర్మాణం మొదలైంది. నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థలను అమ్మడమో మూయడమో అందులో భాగం. వ్యాపారం చేయడం సర్కారు పని కాదన్నారు. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటు చేతిలో పెట్టారు. 2015 డిసెంబర్‌లో బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. చెరుకు రైతు, కార్మికుడు ఇద్దరూ రోడ్డున పడ్డారు. పాఠం చెప్పిన వాషింగ్టన్‌లోనే, తన ఇంట్లో మంట లేచినప్పుడు, సర్కారు కార్ల కంపెనీలో 60 శాతం కొన్నది. ఆ పాఠం మన కోసం మాత్రమే రాసింది కాబోలు!

జనం సొమ్ముతో బతికిన అదే జీఎం మన దేశంలోనూ రెండు కర్మాగారాలు నడిపింది. గుజరాత్‌లోని హలోల్‌ను 2017లో మూసింది. మహారాష్ట్రలోని తలెగావ్‌లో 2020 డిసెంబర్‌లో తయారీ ఆపింది. 2021 ఏప్రిల్‌లో 1,419 మంది కార్మికులకు లేఆఫ్ నోటీసులు ఇచ్చింది. వాళ్లు కోర్టులకెక్కారు, దీక్షలు చేశారు. 2024 జనవరిలో ఆ కర్మాగారం హ్యుందయ్ చేతికి పోయింది. ఒప్పందం భూమి మీద, భవనాల మీద, కొన్ని యంత్రాల మీద జరిగింది. దాని పక్కనే ఇంకో కాగితం పెట్టి చూడండి. ఫోర్డ్ తన సాణంద్ కర్మాగారాన్ని టాటాలకు అమ్మినప్పుడు 2022 మేలో గుజరాత్ సర్కారు కూడా మూడో పక్షంగా సంతకం పెట్టింది. అర్హులైన ఉద్యోగులందరూ కొత్త యజమాని కిందికి మారేటట్టు ఆ ఒప్పందంలో ఉంది. రెండు చోట్లా బయటికి పోయింది అమెరికా కంపెనీయే, కొన్నది ఇంకో కార్ల కంపెనీయే. తేడా కాగితంలో ఉంది.

2023 సెప్టెంబర్‌లో అమెరికాలో మూడు కంపెనీల మీద కార్మికులు ఒకేసారి సమ్మెకు దిగారు. షాన్ ఫెయిన్ నాయకత్వంలో ఆరు వారాలు నడిచిన ఆ పోరాటంలో నాలుగున్నరేండ్లకు 25 శాతం జీతం పెంపు సాధించారు. 2009లో వదులుకున్న ధరల భత్యం తిరిగి తెచ్చుకున్నారు. అడిగినంత ఇయ్యలేమన్న జీఎం, ఒప్పందం ఖాయమైన కొద్దిరోజులకే, నవంబర్ 29న, తన షేర్లను తానే కొనుక్కోవడానికి వెయ్యి కోట్ల డాలర్లు తీసింది.

ఆ సమ్మెలో సాధించిన ఇంకో సంగతి జీతం కన్నా పెద్దది. కర్మాగారం మూస్తే సమ్మె చేసే హక్కు. క్రైస్లర్‌కు ఇప్పటి వారసుడైన స్టెలాంటిస్ ఇలినాయ్‌లోని బెల్విడేర్ కర్మాగారాన్ని 2023 ఫిబ్రవరిలో పక్కన పెట్టేసింది. దాన్ని మళ్లీ తెరుస్తామని ఆ సమ్మె ఒప్పందంలో రాయించుకున్నారు. 2024లో కంపెనీ వాయిదా వేసింది. సంఘం మళ్లీ సమ్మె నోటీసు మాట ఎత్తింది. 2027లో తెరుస్తామని 2025 జనవరిలో కంపెనీ ప్రకటించింది. 2009లో 60 శాతం వాటా ఉన్న సర్కారు రాయించలేని వాక్యం అది.